నాలుగు సంతకాల్లో ఒకటి నాది

2023 మేలో ఇంగ్లండులోని ఒక చిన్న ఊళ్ళో, మూతపడిన దుకాణం లీజు మీద నలుగురం సంతకాలు పెట్టాం. అందులో ఒకటి నాది. ఆ దుకాణాన్ని మా చర్చి తరఫున అందరూ వచ్చి కూర్చునే కెఫేగా మార్చాలని మా ఆలోచన. ఆ పని ఎలా సాగిందో, దారిలో నేనెంత భయపడ్డానో రాస్తున్నాను. ఇలాంటి కాగితం రేపు మీ ముందుకూ రావచ్చు. పరాయి దేశంలో చర్చిలోనో, గుడి కమిటీలోనో, తెలుగు సంఘంలోనో ట్రస్టీగా ఉండమని అడుగుతారు. మర్యాద కోసం సరేనంటాం. నేనూ అలాగే అన్నాను.

మాది ఒంగోలు. మేం తరతరాలుగా బాప్టిస్టులం. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇచ్చి బతికించిన వాళ్ళలో మా ముత్తాత తల్లిదండ్రులు ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. నేను 2003లో నర్సుగా ఈ దేశం వచ్చాను. సౌత్ యార్క్‌షైర్‌లో డర్న్ లోయలో మా ఊరు. ఒకప్పుడు బొగ్గు గనుల ప్రాంతం. 1984 మార్చిలో కార్టన్‌వుడ్ గని మూసేస్తామనడంతోనే దేశమంతా ఏడాది పాటు సాగిన సమ్మె మొదలైంది. ఇప్పుడు ఆ గని ఉన్నచోట పెద్ద షాపింగ్ పార్క్ ఉంది. కార్లున్నవాళ్ళు అక్కడికి వెళ్తారు. మా మెయిన్ రోడ్డు మీద దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

2022 చలికాలం

ఆ ఏడాది కరెంటు, గ్యాసు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. మామూలు కుటుంబానికి ఏడాది బిల్లు 3,549 పౌండ్లకు చేరుతుందని ఆగస్టు చివర్లో ప్రకటించారు. ప్రభుత్వం కల్పించుకుని అక్టోబరు నుంచి దాన్ని 2,500 దగ్గర ఆపింది. అదైనా అంతకు ముందటి చలికాలం కంటే దాదాపు రెట్టింపు.

నేను డిస్ట్రిక్ట్ నర్సుని. ఇళ్ళకి వెళ్ళి పుండ్లకు కట్లు కడతాను, ఇంజెక్షన్లు ఇస్తాను. ఆ చలికాలం ఇంట్లో కోటు వేసుకుని కూర్చున్నవాళ్ళని చాలామందిని చూశాను. మధ్యాహ్నం నాలుగింటికే దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్ళు. హీటర్ వెయ్యమంటే తర్వాత వేస్తామనేవాళ్ళు.

దేశమంతటా చర్చిలూ లైబ్రరీలూ జనం వచ్చి వెచ్చగా కూర్చోవడానికి గదులు తెరిచాయి. మేమూ చర్చి హాలు తెరిచాం. హీటర్లు వేసి, టీ, బిస్కెట్లు పెట్టాం. మా సంఘం వాళ్ళు తప్ప ఎవరూ రాలేదు. కాలి పుండుకు నేను కట్టు కట్టే ఒక పెద్దాయన్ని ఎందుకు రారని అడిగాను. గనిలో పనిచేసి రిటైరైన మనిషి. "చాపెల్‌కి పెళ్ళికీ చావుకీ తప్ప వెళ్ళలేదు లవ్. ఇప్పుడు అడుక్కోవడానికి వెళ్తానా?" అన్నాడు. కాసేపాగి, "రోడ్డు మీద కెఫే ఉంటే డబ్బులిచ్చి తాగుతా" అన్నాడు.

ఆ మాట నేను మా డీకన్ల, అంటే చర్చి పెద్దల, మీటింగులో చెప్పాను. అక్కణ్ణుంచి మొదలైంది.

సంతకం

2023 ఫిబ్రవరి నుంచి మే దాకా కాగితాల పనే. మెయిన్ రోడ్డు మీద పాత ఇనుప సామాన్ల కొట్టు ఖాళీగా ఉంది. కోవిడ్ రోజుల్లో మూసేసిన కొట్టు అది. అద్దాలకు లోపలి నుంచి సున్నం పూసి ఉండేది. ఇక్కడ దుకాణం ఖాళీ అయిన మూడు నెలల తర్వాత పన్ను మొత్తం ఓనరే కట్టాలి. అందుకే ఎవరో ఒకరు దొరికితే చాలని ఓనరు ఎదురుచూస్తున్నాడు. అద్దెకు దిగేది ధర్మసంస్థ అయితే ఆ పన్నులో 80 శాతం తగ్గుతుంది. 2020 సెప్టెంబరు నుంచి దుకాణాన్ని కెఫేగా మార్చడానికి ప్లానింగ్ పర్మిషన్ కూడా అక్కర్లేదు. అన్నీ కలిసొచ్చినట్టే కనిపించింది.

బాప్టిస్టు చర్చిలో ఇలాంటివి సభ్యులందరూ ఓటు వేసి తేలుస్తారు. మేం నలభై మందికి లోపే. చాలామంది చేతులెత్తారు. ఇద్దరు ఎత్తలేదు. ఆ ఇద్దరూ లెక్కలు తెలిసినవాళ్ళు.

తర్వాత సొలిసిటర్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ నెమ్మదిగా చెప్పింది. మీ చర్చి చట్టం దృష్టిలో ఒక వ్యక్తి కాదు. దాని పేరు మీద లీజు తీసుకోవడం కుదరదు. మనుషుల పేర్ల మీదే తీసుకోవాలి. నలుగురికి మించి పేర్లు చట్టం ఒప్పుకోదు. అద్దె కట్టకపోతే ముందు చర్చి డబ్బు పోతుంది. అది చాలకపోతే మీ నలుగురి డబ్బు. ఒక్కొక్కరి దగ్గర నాలుగో వంతు కాదు, ఎవరి దగ్గర ఉంటే వాళ్ళ దగ్గర మొత్తం వసూలు చెయ్యొచ్చు. పైగా మరమ్మతులన్నీ అద్దెకున్నవాళ్ళవే. గోడలైనా, పైకప్పైనా. ఐదేళ్ళ లీజు. మూడేళ్ళకు కావాలంటే వదులుకోవచ్చు. పనులు చేయించుకోవడానికి మొదటి ఆరు నెలలు అద్దె లేదు.

మా పాస్టరు, నాతో కలిపి ముగ్గురు డీకన్లు సంతకం చెయ్యాలి. మిగతా ఇద్దరు డీకన్లు రిటైరైనవాళ్ళు, సొంత ఇళ్ళ అప్పు తీరిపోయినవాళ్ళు. మా ఇంటి అప్పు ఇంకా ఉంది. అమ్మాయి యూనివర్సిటీలో ఉంది.

ఎందుకు ఒప్పుకున్నానో నిజం రాస్తాను. పేదల మీద జాలి ఉంది, అబద్ధం కాదు. దానికంటే పెద్ద కారణం ఇంకోటి. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. కొత్తవాళ్ళు ఎవరు కలిసినా మొదట ఎక్కడి నుంచి వచ్చావనే అడుగుతారు. ఇప్పుడు నన్ను పిలిచి, ఈ ఊరి పని ఒకటి నీ పేరు మీద చేద్దాం అంటున్నారు. కాదనలేకపోయాను.

మా ఆయన లీజు మొత్తం చదివారు. "ఇల్లు కూడా ఇందులో ఉన్నట్టేగా?" అన్నారు. ఉన్నట్టే అన్నాను. "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటకి అర్థమేమిటో పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

నేల కింద

జూన్‌లో పని మొదలుపెట్టాం. శనివారాలు అందరం వెళ్ళి శుభ్రం చేసేవాళ్ళం. పాత కార్పెట్ లాగేస్తే కింద గోధుమరంగు చదరపు పలకలు, వాటి కింద నల్లటి జిగురు. ఒక మూల పలకలు పగిలి ఉన్నాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ మూల గరిటెతో గీకుతున్నాను. అప్పుడే వైర్లు చూడటానికి ఒకాయన వచ్చాడు. గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసినవాడు. "ఆపండి. అందరూ బయటికి రండి" అన్నాడు.

పలకలు పరీక్షకు పంపాం. ఆస్బెస్టాస్ ఉందని తేలింది. ఈ దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకు ముందు కట్టిన ఏ భవనంలోనైనా ఉండొచ్చు. నాకు ఊపిరితిత్తుల జబ్బులు తెలుసు. బొగ్గు దుమ్ము పీల్చి ఆక్సిజన్ సిలిండర్‌తో బతికే గని కార్మికులకు సేవ చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ గీకుడు ఎంతసేపు గీకానో లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

సర్వే చేసినాయన భయం కొంత తగ్గించాడు. పగలని పలకల్ని కదపకుండా పైన వేరే నేల వేసి, అవి ఎక్కడున్నాయో రికార్డు రాసి పెట్టుకుంటే చట్టం ఒప్పుకుంటుందన్నాడు. పగిలిన మూల మాత్రం శిక్షణ ఉన్నవాళ్ళు మాస్కులు వేసుకుని తీసేశారు. పలకల్లో గట్టిగా అతుక్కుని ఉండే రకం కాబట్టి నాకొచ్చే ముప్పు తక్కువే అన్నాడు. తక్కువే అని నాకూ తెలుసు. ఇప్పటికీ వారం దాటి దగ్గుంటే అదే గుర్తొస్తుంది.

దానికి మేం అనుకోని ఖర్చయింది. తర్వాత కరెంటు. ఫ్యూజుల పెట్టె మా ఇళ్ళలో కూడా ఎవరూ ఉంచుకోనంత పాతది. ఓవెన్, డిష్‌వాషర్, కాఫీ మెషీన్ ఒకేసారి వేస్తే తట్టుకోదు. మొత్తం వైరింగ్ మార్చాలన్నారు.

అక్టోబరు 20న బాబెట్ తుఫాను వచ్చింది. రోథరమ్ దగ్గర క్యాట్‌క్లిఫ్‌లో ఇళ్ళలోకి నీళ్ళు చేరి జనాన్ని ఖాళీ చేయించారు. మా కొట్టు వరదలో మునగలేదు. పైకప్పు కారింది. కొత్తగా వేసిన సీలింగ్ బోర్డులు తడిసి, మధ్యలో ఉబ్బి, తెల్లారేసరికి కొత్త నేల మీద పడి ఉన్నాయి. పైకప్పు కూడా మాదే అన్న సొలిసిటర్ మాట అప్పుడు అర్థమైంది. ఆ నెలకల్లా దేశమంతా విల్కో దుకాణాలు, సుమారు 400, మూతపడ్డాయి. తొంభై ఏళ్ళు నడిచిన కంపెనీయే మెయిన్ రోడ్డు మీద నిలబడలేకపోయింది. మేమెంత అనిపించింది.

నవంబరు నుంచి అద్దె మొదలైంది. కెఫే ఇంకా తెరవలేదు.

అడగడం

డిసెంబరుకి చర్చి దాచుకున్న డబ్బు అయిపోవచ్చింది. ట్రెజరర్ కాగితం చూపించాడు. మార్చి తర్వాత అద్దెకు లేదు.

ఒక ఉదయం ఇద్దరు పేషెంట్ల మధ్య కారులో కూర్చుని ఉన్నాను. గుండె దడ మొదలైంది. చేతులు తిమ్మిరెక్కాయి. నా నాడి నేనే చూసుకున్నాను. చాలా వేగంగా ఉంది. ఇది గుండెపోటు కాదు, భయంతో వచ్చే అటాక్ అని నర్సుగా తెలుసు. తెలిసినా చనిపోతాననే అనుకున్నాను. తర్వాతి ఇంటికి వెళ్ళలేకపోయాను. మా టీమ్‌లో నాకంటే చిన్నమ్మాయి, కేరళ నుంచి వచ్చిన నర్సు, తన రౌండు ఆపి వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. మిగిలిన నా పేషెంట్లని తనే చూసుకుంది. ఎవరికీ చెప్పలేదు. డాక్టరు మందులు రాశారు. కొన్ని నెలలు వేసుకున్నాను. ఈ విషయం ఇప్పుడే మొదటిసారి బయటికి చెబుతున్నాను.

ప్రార్థన చేశారా అని అడుగుతారు. కూర్చున్నాను. మాటలు రాలేదు. అద్దె లెక్కలే వచ్చేవి. సంఘంలో నా కోసం వేరేవాళ్ళు ప్రార్థన చేశారు. నా వంతు వాళ్ళు చేస్తున్నారనుకుని ఊరుకున్నాను.

డబ్బు అడగడం నాకు చేతకాదు. చిన్నప్పుడు చందా పుస్తకం పట్టుకుని ఎవరైనా వస్తే మా అమ్మ లోపలి నుంచే "ఇంట్లో మగాళ్ళు లేరు" అనేది. అలాంటి ఇంట్లో పెరిగాను. షెఫీల్డ్‌లో తెలుగు కుటుంబాలు కలుస్తుంటాయి. ఉగాదికీ సంక్రాంతికీ వెళ్ళి తినొచ్చేదాన్ని. ఇప్పుడు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో రాయాలి. రాసి చెరిపాను. మళ్ళీ రాశాను. చివరికి మా అమ్మాయి ఫోన్ తీసుకుని పంపేసింది.

మొదట డబ్బు పంపిన కుటుంబం ఏడుకొండలవాడి భక్తులు. ఆ ఇంటి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, గిఫ్ట్ ఎయిడ్ ఫారం పంపండి. నేను ట్యాక్స్ కడతాను కదా, పౌండుకి ఇంకో పావు పౌండు గవర్నమెంట్ నుంచి మీకొస్తుంది" అన్నాడు. చర్చి ఎందుకు, ఏం చర్చి అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. సంతోషమూ ఉంది, చిన్నతనమూ ఉంది. రెండూ విడదీసి చెప్పలేను.

ఆ చలికాలంలో ఇద్దరు లేకపోతే ఆ తలుపు తెరుచుకునేది కాదు.

ఒకరు ఆ గని ఎలక్ట్రీషియన్. దేవుణ్ణి నమ్మడు. కూలి తీసుకోనన్నాడు, సామాన్లు మాత్రం మమ్మల్ని కొనమన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. తనని మార్చే ప్రయత్నం ఎవరూ చెయ్యకూడదు. డిసెంబరు, జనవరి చలిలో ఆ కొట్టులో ఒంటరిగా వైర్లు లాగాడు. సర్టిఫికెట్ ఇవ్వడానికి లైసెన్సున్న మేనల్లుణ్ణి తీసుకొచ్చాడు.

రెండోవారు ఎనభైకి దగ్గరపడిన ఒకావిడ. 1984-85 సమ్మెలో భర్తలకు జీతాల్లేక ఇళ్ళు పస్తులుంటే, ఆడవాళ్ళు కలిసి వంటశాలలు నడిపారు. ఆవిడ ఏడాది పాటు అలా వండింది. మేం గోడ మీద ఒక బోర్డు పెడదామనుకున్నాం. ఉన్నవాళ్ళు ఇంకో టీకి డబ్బు కట్టి టోకెన్ తగిలిస్తారు, లేనివాళ్ళు అది తీసుకుని తాగుతారు. చాలాచోట్ల అలా చేస్తారు. ఆవిడ చూసి, "గోడ దగ్గరికి నడిచి వెళ్ళి అది తీసేది ఎవరు? ఊరంతా చూస్తుంటే నువ్వు తీస్తావా?" అంది. సమ్మెలో దాచుకున్న డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే బల్ల మీద ఒకే గిన్నెలోది తిన్నారట. ఎవరికి అవసరమో ఎవరూ అడగలేదట.

బోర్డు మానేశాం. తలుపు పక్కన మూతున్న డబ్బా పెట్టాం. ధర రాసి ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. ఎంత వేశారో ఎవరికీ కనబడదు. నెలాఖరుకి లెక్క చూస్తే కొన్నిసార్లు నష్టం, కొన్నిసార్లు సరిసమానం.

తాలింపు

2024 ఫిబ్రవరిలో కౌన్సిల్‌లో రిజిస్టర్ చేశాం. తిండి అమ్మేవాళ్ళు తెరవడానికి కనీసం 28 రోజుల ముందు చెప్పాలి. రుసుము లేదు. పొగ గొట్టం పెట్టడానికి ఓనరు ఒప్పుకోలేదు కాబట్టి వేపుళ్ళు కుదరవు. సూపు, ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపలు, టోస్ట్, కేకు. ఇంతే.

నాకు అసలు భయం అలర్జీలది. ఇక్కడ 14 రకాల పదార్థాల గురించి అడిగినవాళ్ళకు కచ్చితంగా చెప్పగలగాలి. 2016లో నటాషా అనే పదిహేనేళ్ళ అమ్మాయి కొనుక్కున్న బ్రెడ్డులో నువ్వులున్నాయని కవరు మీద లేక, తిని చనిపోయింది. ఆమె పేరుతోనే 2021 అక్టోబరులో కొత్త చట్టం వచ్చింది. ముందే కట్టి అమ్మే ప్యాకెట్ మీద అన్ని దినుసులూ రాయాలి. ఆ 14 పదార్థాల జాబితా చదివితే మా వంటిల్లు కళ్ళ ముందుకొచ్చింది. నువ్వులు ఉన్నాయి. వేరుశనగ ఉంది. ఆవాలు కూడా ఉన్నాయి. అంటే నేను పెట్టే ప్రతి తాలింపూ ఆ జాబితాలోదే. ఇంగువ డబ్బా తిప్పి చూస్తే అందులో గోధుమపిండి.

నా కందిపప్పు సూపు అందరూ అడిగేవాళ్ళు. ఆవాలు, ఇంగువ తీసేసి జీలకర్ర, వెల్లుల్లితో చేశాను. చప్పగా ఉందని నాకనిపించింది. వాళ్ళకి తేడా తెలియలేదు. ఎవరైనా నా చేతి వంట తిని ప్రాణం మీదికి తెచ్చుకుంటే అన్న భయం మాత్రం మొదటి నెలలంతా వదల్లేదు. ఫ్రిజ్ ఎనిమిది డిగ్రీలకు లోపు ఉందా, సూపు 63కి పైన ఉందా అని పదే పదే థర్మామీటరు పెట్టి పుస్తకంలో రాసేదాన్ని. కౌన్సిల్ నుంచి చెప్పకుండా వచ్చిన ఆహార అధికారి ఆ పుస్తకం తిరగేసింది. "ఇన్నిసార్లు రాయక్కర్లేదు. రోజూ ఎప్పుడెప్పుడు చూడాలో నేను రాసిస్తాను" అని కూర్చుని రాసిచ్చింది. ఐదుకి నాలుగు ఇచ్చింది. చేతులు కడిగే సింకు దగ్గర గిన్నెలు పెట్టారని ఒకటి తగ్గించింది. న్యాయమే.

మార్చి చివర్లో తెరిచాం. మొదటి రోజు మా వాళ్ళే ఎక్కువ. మధ్యాహ్నం కాలి పుండు పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడు. టీ తాగాడు. డబ్బాలో నాణేలు వేశాడు. "పల్చగా ఉంది" అన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

జూన్ నాటికి వారంలో రెండు రోజులు కుర్చీలు చాలేవి కావు. దగ్గర్లోని మాన్వర్స్‌లో శరణు కోరి వచ్చినవాళ్ళని ఉంచిన హోటల్ నుంచి ఇద్దరు కుర్రాళ్ళు సాయానికి రావడం మొదలుపెట్టారు. వాళ్ళకి జీతానికి పనిచేసే హక్కు లేదు, ధర్మసంస్థల్లో సేవ చెయ్యొచ్చు. హోటల్‌లో భోజనం పెడుతూ వారానికి ఇచ్చేది 8.86 పౌండ్లు. గిన్నెలు కడిగేవాళ్ళు, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళు. నన్ను ఆంటీ అనేవాళ్ళు.

ఆగస్టు 4

జూలై 29న సౌత్‌పోర్ట్‌లో డాన్స్ క్లాసులో ఉన్న ముగ్గురు ఆడపిల్లల్ని ఒకడు కత్తితో పొడిచి చంపాడు. చంపినవాడు పడవలో వచ్చిన శరణార్థి అని పుకారు పుట్టింది. వాడు కార్డిఫ్‌లో పుట్టినవాడు. ఆ సంగతి బయటికొచ్చినా గొడవలు ఆగలేదు. ఊరూరా పాకాయి.

ఆదివారం ఆగస్టు 4న ఆరాధన ముగిసేసరికి ఫోన్లు మొదలయ్యాయి. మాన్వర్స్ హోటల్ చుట్టూ వందలమంది చేరారు. కిటికీలు పగలగొట్టారు. కొందరు లోపలికి చొరబడ్డారు. తలుపు దగ్గరికి చెత్త డబ్బా తోసి నిప్పు పెట్టారు. లోపల రెండు వందలమందికి పైగా ఉన్నారు. యాభై మందికి పైగా పోలీసులు గాయపడ్డారు. మా కెఫేకి అది కారులో పది నిమిషాలు కూడా కాదు.

ఆ కుర్రాళ్ళలో ఒకడు మెసేజ్ పెట్టాడు. వరండాలో పొగ వాసన వస్తోంది, ఏం చెయ్యాలి అని. తువ్వాలు తడిపి తలుపు కింద పెట్టు, నేలకు దగ్గరగా కూర్చో అని రాశాను. ఇంకేం తోచలేదు. సాయంత్రం దాకా జవాబు లేదు. తర్వాత బాగానే ఉన్నామని వచ్చింది. ఆ ఇద్దరినీ వేరే ఊరికి తరలించారు. మళ్ళీ చూడలేదు.

కెఫే మూసేద్దామని ఆ రాత్రి అన్నది నేనే. కిటికీలో మా వలంటీర్ల ఫొటో ఉంది. తెరిచిన రోజు తీసింది. మధ్యలో నేను, చీరలో. దాన్ని తీసెయ్యమని ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. ఎందుకని అడగలేదు. చీకట్లో వెళ్ళి తీసి, తన వ్యానులో పెట్టుకున్నాడు.

సండర్లాండ్‌లో డ్యూటీకి వెళ్తున్న ఫిలిప్పీన్స్ నర్సుల టాక్సీ మీద రాళ్ళు వేశారని వార్తల్లో వచ్చింది. సోమవారం నుంచి సిక్ లీవు పెట్టాను. జ్వరం లేదు. కర్టెన్లు వేసుకుని ఇంట్లో కూర్చున్నాను. పాలకి కూడా మా ఆయన వెళ్ళారు. ఆయన రంగు నా రంగే. ఆయన్ని పంపించి నేను లోపల ఉన్నాను. అది నాకు తెలుసు.

కెఫే మూయలేదు. మిగతా ముగ్గురు సంతకందారులూ మాట్లాడుకుని తెరిచారు. బుధవారం, 7న, ఇంకా చాలా ఊళ్ళలో గొడవలు జరుగుతాయని చెప్పుకున్నారు. ఆ రోజు ఎన్నోచోట్ల గొడవ చేసేవాళ్ళ కంటే అడ్డుకోవడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. వేలమంది వీధుల్లోకి వచ్చారు. మా దగ్గర వేలమంది లేరు. సమ్మె వంటశాల ఆవిడ, ముగ్గురు నలుగురు పాత గని కార్మికులు కుర్చీలు బయట వేసుకుని సాయంత్రం దాకా టీ తాగుతూ కూర్చున్నారు. ఎవరూ రాలేదు. ఏమీ జరగలేదు.

తర్వాతి వారం డ్యూటీకి వెళ్ళాను. కాలి పుండు పెద్దాయన నన్ను చూడగానే, "నీ బదులు వచ్చినామె కట్టు మరీ బిగించింది. ఎక్కడికి పోయావు?" అని కోప్పడ్డాడు. గొడవల మాటే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కట్టు విప్పి మళ్ళీ కట్టాను.

ఇంకోటి రాయాలి. మా కెఫేకి రోజూ వచ్చే ఒకావిడ మనవడు ఆ రోజు హోటల్ దగ్గర ఉన్నాడు. వాడికి జైలు శిక్ష పడింది. ఆవిడ కొన్ని వారాలు రాలేదు. వచ్చినరోజు గోడవైపు తిరిగి కూర్చుంది. టీ నేనే తీసుకెళ్ళాను. మాట్లాడలేదు. మాట్లాడేంత మంచితనం ఆ రోజు నాలో లేదు. ఇప్పుడు మాట్లాడతాను, వాతావరణం గురించీ ఆవిడ మోకాళ్ళ గురించీ. అంతకు మించి ఇద్దరం పోలేదు.

ఫొటో ఎప్పుడు పెడదామని ఎవరూ అడగలేదు. అక్టోబరులో నేనే అడిగి తెప్పించి పెట్టాను.

ఇప్పుడు

కెఫే నడుస్తోంది. వ్యాపారాల కరెంటుకు ఇళ్ళకున్నట్టు ధరల పరిమితి లేదు. బిల్లు వచ్చినరోజు ఇప్పటికీ కవరు వెంటనే చించను. 2025లో మా చర్చిని సొంత చట్టబద్ధమైన ఉనికి ఉన్న ధర్మసంస్థగా నమోదు చేయించాం. లీజు దాని పేరు మీదికి మారింది. మా నలుగురి పేర్లు పోతాయనుకున్నాను. కొత్త సంస్థ కట్టలేకపోతే మేం కడతామని పాత సంతకందారులు హామీ ఇవ్వాలని ఓనరు అడిగాడు. చట్టం ప్రకారం అడగొచ్చు. మళ్ళీ సంతకం పెట్టాను. ఇల్లు ఇంకా ఆ కాగితం వెనకే ఉంది.

మీ ముందుకు ఇలాంటిది వస్తే ఇవి అడగండి. సంస్థకి సొంతంగా ఒప్పందం చేసుకునే హక్కుందా, లేక మీ పేర్లు కావాలా? ఆ హక్కు లేకపోతే ముందు సంస్థని నమోదు చేయించి, తర్వాతే లీజు తీసుకోవడం మేలు. పైకప్పు ఎవరిది? లీజుకి ముందు భవనం ఎలా ఉందో ఫొటోలతో ఒప్పందానికి జతచేశారా? ఆస్బెస్టాస్ సర్వే ఉందా? మధ్యలో వదులుకునే తేదీ ఎప్పుడు, ఎన్ని నెలల ముందు చెప్పాలి? ఓటులో చెయ్యెత్తనివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని కారణం అడగండి. మా చర్చిలో ఆ ఇద్దరే తర్వాత మా లెక్కలు చూసిపెట్టారు. ఇంకా చూస్తున్నారు.

ఇరవై ఏళ్ళు ఈ ఊళ్ళో మర్యాదగా బతికాను. ఎవరికీ బాకీ లేను. ఎవరూ నాకు బాకీ లేరు. అప్పట్లో అదే గౌరవమనుకున్నాను. ఎవరైనా ఆదరంగా పిలిచినరోజున ఈ ఊరు నాదవుతుందనుకునేదాన్ని. అలా కాలేదు. ఊరి అప్పుకి పూచీ పడ్డాక, ఆ భయంలో నా చెయ్యి పట్టుకున్నవాళ్ళకి బాకీ పడ్డాక అయింది. వైర్లు లాగినాయనకి, గోడ మీద బోర్డు వద్దన్నావిడకి, నా పేషెంట్లని చూసిన కేరళ అమ్మాయికి, ఏడుకొండలవాడి భక్తుడైన తమ్ముడికి, కూర్చుని రాసిచ్చిన ఆహార అధికారికి, ఆ వారం పాలు తెచ్చిన మా ఆయనకి. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయలేదు.

వచ్చే మేకి మూడేళ్ళు నిండుతాయి. వదులుకోవాలంటే ఆరు నెలల ముందు నోటీసివ్వాలి. అంటే ఈ నవంబరులోపు సంఘం ఓటు వెయ్యాలి. నడుపుదామనే చెయ్యెత్తుతాను. ఈసారి ఓటుకి ముందే పైకప్పు పనికి కొటేషన్లు తెప్పిస్తున్నాను. మొదటిది నిన్న వచ్చింది. చాలా ఎక్కువ చెప్పాడు.